ఇంజనుకు లొట్టి కట్టుడు: అనుభవం మీద చెప్తున్న పది చిట్కాలు

మా మర్రిగూడల తాటిచెట్టుకు లొట్టి కట్టుడు ఒకలు నేర్పితె వచ్చే పని కాదు, చూసి చూసి వచ్చేది. గెల గీసి కింద లొట్టి తగిలిస్తె, చుక్క చుక్క దిగి పొద్దుగాలకల్ల నిండుతది. టర్బో ఇంజనుకు క్యాచ్ క్యాన్ పెట్టుడంటె కూడ గిదే. చెట్టు జాగల ఇంజను, కల్లు జాగల నూనె మడ్డి. ఇంత అల్కటి పనికి పట్నం మెకానిక్కులు గన్ని లెక్కలు ఎందుకు జెప్తరో నాకైతె ఇప్పటిదాంక సమజ్ కాలె.

నేను ఇప్పటికి రెండు కార్లకు కట్టిన. ఒకటి పెట్రోలు, ఒకటి డీజిలు. అండ్ల ఒకటి ఇంకా నడుస్తనే ఉన్నది. అంటె నూటికి యాభై. మా కాలంల యాభై మార్కులొస్తె సెకండ్ క్లాసని ఇంట్ల బెల్లం పంచేటోళ్లు. గా ధైర్యంతోనే ఈ చిట్కాలు రాస్తున్న. మా బామ్మర్ది ఐటీఐల డీజిల్ మెకానిక్ చదివిండు. వాడు మధ్య మధ్యల అడ్డం వస్తడు. పట్టించుకోకుండ్రి. చదువుకున్నోళ్లతోని గిదే తక్లీఫు.

ముందుగాల అసలు కత

సిలిండర్ల మంట లేసినప్పుడల్ల పిస్టన్ రింగుల సందులకెళ్లి కొంత గాలి కిందికి జారుతది. కింద ఇంజనాయిల్ ఉండే క్రాంక్ కేసు ఉంటది. ఇట్ల జారిన గాలిని బ్లో-బై అంటరు. అది ఉత్తగ రాదు. నూనె తుంపర, కాలని పెట్రోలు, నీటి ఆవిరి అన్నీ ఎంటవెట్టుకొని వస్తది. దాన్ని ఎటో ఒకదిక్కు పంపకుంటె లోపల ఒత్తిడి పెరుగుతది. పాత కార్లల్ల ఒక పైపు పెట్టి రోడ్డు మీదికే ఇడిసేటోళ్లు. లాస్ ఏంజిల్స్ మీద ఆకాశం మసక కమ్ముతుందని గోల లేసినంక, కాలిఫోర్నియాల 1961 మోడల్ కార్ల సంది ఆ గాలిని మళ్ల ఇంజనుకే తాపుడు మొదలువెట్టిండ్రు. దాని పేరు పీసీవీ.

మామూలు బండ్లల్ల ఇది పెద్ద ముచ్చట కాదు. టర్బో బండ్లల్లనే తకరారు. ఈ నూనె గాలి టర్బో మూతికాడికి పోయి, టర్బోల తిరిగి, ఇంటర్‌కూలర్ల దూరి, అక్కడికెళ్లి ఇంజన్ల పడుతది. పోయిన తొవ్వంత జిడ్డు పూసుకుంట పోతది. ఆ తొవ్వల ఒక డబ్బ పెట్టి, గాలిని పోనిచ్చి నూనెను పట్టుకునుడే క్యాచ్ క్యాన్ పని. ఇగ చిట్కాలు మొదలువెడుదాం.

చిట్కా 1: మన బండికి అవసరమా అని అడగకుండ్రి

అడిగితె అవసరం లేదంటరు. అందుకే అడగొద్దు. బానెట్ లేపుండ్రి. చెయ్యి పట్టేంత ఖాళీ జాగ కనవడ్డదా, బండికి క్యాచ్ క్యాన్ అవసరమున్నట్టే లెక్క.

బామ్మర్ది లెక్క వేరే. "బావా, పెట్రోలు ఇంజన్లు రెండు తీర్లు. ఒకదాంట్ల పెట్రోలు వాల్వుల మీద చల్లుతది, వాల్వులు ఎప్పటికప్పుడు కడిగినట్టయితయి. ఇంకోదాంట్ల పెట్రోలు సీదా సిలిండర్లనే పడుతది. వెన్యూల వచ్చే టర్బో జీడీఐ, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐ, మారుతి బూస్టర్‌జెట్ గీ జాతి. వీటి వాల్వులకు స్నానం ఉండదు. నూనె తుంపర వచ్చి వేడికి మాడి, గార లెక్క పేరుకుంటది. డీజిల్ల ఇంకో కత. పొగను మళ్ల ఇంజనుకే తిప్పే ఈజీఆర్ నుంచి మసి వస్తది, గిటుకెళ్లి నూనె వస్తది, రెండు కలిసి తారు లెక్క అయితది. ఇసొంటి వాటికి క్యాచ్ క్యానుతోని కొంత లాభం ఉండొచ్చు. మిగతా వాటికి జిడ్డు తగ్గుతదేమో గాని, పెట్టిన పైసలకు లాభం కనవడదు" అంటడు.

ఇంత ఇని నేను ఒక్కటే అడిగిన: "ఆల్టోకు పెట్టొచ్చునా?" వాడు జవాబు చెప్పకుంట లేసిపోయిండు. అంటె పెట్టొచ్చు అనే కద.

వారంటీ కాయితం ఉంటె తీసి దాచిపెట్టుండ్రి. లోపల ఏం రాసుందో చదవకుండ్రి. కంపెనీ పైపు కోసి వేరే డబ్బ తగిలిస్తె, రేపు ఇంజను ఆగినప్పుడు వాళ్లు ముందుగాల వేలు పెట్టి చూపేది ఆ డబ్బనే. కాయితం గట్టిగుంటె ఆయిల్ పోసేటప్పుడు గరాటు లెక్క చుట్టుకోవచ్చు.

చిట్కా 2: డబ్బకు రంగు ముఖ్యం

మార్కెట్ల క్యాచ్ క్యాన్లు ఎర్రయి, నీలివి, నల్లయి దొరుకుతయి. ఎర్రది తీసుకోండ్రి. బానెట్ లేపినప్పుడు మంది చూడాలె. లోపల ఏమున్నదని మూత తీసి చూసుడు పల్లెటూరి అలవాటు.

నేను మొదటిసారి తెచ్చిన డబ్బల ఏం లేదు. ఒక దిక్కు రంధ్రం, ఎదురుంగ ఇంకో రంధ్రం. గాలి ఇటు దర్వాజకెళ్లి వచ్చి అటు దర్వాజకెళ్లి పోయింది. రోడ్డు మీద ఇల్లున్నోని ఇంట్లకు చుట్టాలు వచ్చినట్టే, ఒక్కలు కూసోలె. వెయ్యి కిలోమీటర్లు తిప్పి చూస్తె డబ్బ అడుగున రెండు చుక్కలు. "చూసినవా, నా ఇంజను ఎంత సాఫ్‌గ ఉన్నదో" అని నలుగురికి చూపెట్టిన.

బామ్మర్ది మూత తీసి నవ్విండు. వాని లెక్క ప్రకారం డబ్బల అడ్డం పలకలుండాలె. గాలి వాటికి తాకాలె, మలగాలె, మెల్లగ కావాలె. అప్పుడే నూనె తుంపర పలకకు అంటుకొని కిందికి జారుతది. వంటింట్ల అన్నం కుండ మీది మూతకు ఆవిరి పట్టి చుక్కలు పడ్డట్టు. మూత లేని కుండకు చుక్కలు ఎక్కడియి అంటడు. నాకు డబ్బ బయటి రంగు నచ్చింది, ఉంచుకున్న.

చిట్కా 3: లోపల బోల్లు తోమే పీచు కుక్కుండ్రి

డబ్బల పలకలు లేవని తెలిసినంక ఊకుంటమా? కిరాణా దుకాణంల బోల్లు తోమే స్టీలు పీచు దొరుకుతది. రెండు ఉండలు తెచ్చి గట్టిగ కుక్కుండ్రి. ఎంత గట్టిగ కుక్కితె అంత మంచి జాలీ.

ఈ పీచు తీగలు సన్నగుంటయి. నాలుగు దినాలు ఇంజను ఊగుడికి తెగుతయి. తెగినయి గాలితోని బయిలెల్లుతయి. బయిలెల్లితె ఎదురు ఏమున్నది? టర్బో. చిన్న కార్ల టర్బో చక్రం జోరుమీదున్నప్పుడు నిమిషానికి లక్ష సుట్లకు పైనే తిరుగుతది. గంత జోరుల తిరిగే పల్చటి అల్యూమినియం రెక్కలకు ఒక స్టీలు ముక్క తాకితె ఏమైతదో నేను చెప్పను, టర్బో ధర చెప్పేటోడు చెప్తడు. నాకు మాత్రం లోపలికెళ్లి సన్నగ ఈల కొట్టినట్టు సప్పుడు వచ్చింది. కొత్త టర్బోకు గట్లనే ఉంటదని ఊర్లె అందరికి చెప్పుకున్న.

క్యాచ్ క్యాన్ల కోసమే తెగని జాలీ వస్తదట, తీగలు బయిటికి పోకుంట పైన ఒక చిల్లుల పలక బిగిస్తరట. గదంత పైసలున్నోళ్ల ముచ్చట.

చిట్కా 4: పైపు ఇంట్లనే ఉన్నది

మేస్త్రీలు గోడ లెవెలు చూసే తెల్ల పైపు ఉంటది చూసిండ్రా? లోపల పోయేది కండ్లకు కనవడుతది, పైసలు తక్వ. గదే వాడుండ్రి. అది లేకుంటె బత్తాయి తోటల డ్రిప్పు పైపు తెచ్చుకోండ్రి. మా నల్లగొండ జిల్లల బత్తాయి తోటలకు కొదువ లేదు, పాత డ్రిప్పు ముక్కకు అంతకన్న కొదువ లేదు.

బామ్మర్ది చెప్పేదేందంటె, మామూలు నీళ్ల పైపు వేడి నూనెకు ఆగదు. మెత్తవడుతది, ఉబ్బుతది, లోపల గుంజుడుకు చప్పిడై మూసుకుంటది. నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపులు రాణిగంజ్‌ల అడిగితె దొరుకుతయి. పాత పైపు ఎంత లావుండెనో కొత్తది కూడ గంతే లావు ఉండాలె. సన్నది పెడితె ఇంజనుకు ముక్కు మూసినట్టే.

నాకు సన్నదే దొరికింది, సన్నదే పెట్టిన. ఎక్కడెక్కడ వదులుగ ఉన్నదో అక్కడ సైకిల్ ట్యూబు చుట్టిన. ట్యూబు నూనెకు కరిగిందన్నది వేరే ముచ్చట.

చిట్కా 5: వెచ్చటి జాగల కట్టుండ్రి

కల్లు లొట్టిని ఎండల పెడితె పులుస్తదని తెలుసు. గాని ఇది కల్లు కాదు, నూనె. నూనె చల్లవడితె గడ్డకడుతదని టర్బో పక్కపొంటి, సైలెన్సరు మొదలుకాడ కట్టిన. బైండింగ్ వైరు నాలుగు సుట్లు.

ఆడ సమజ్ కాని సంగతి ఒకటున్నది. డబ్బ పని ఆవిరిని చల్లవెట్టి చుక్క చేసుడు. పెట్రోలు టర్బోల్లకు వచ్చే పొగ ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల దాంక కాగుతది. దాని పక్కన డబ్బ పెడితె అది లొట్టి కాదు, పెనం. వచ్చిన ఆవిరి వచ్చినట్టే పోతది. అందుకే తెలిసినోళ్లు రేడియేటర్ పక్కన, ముందటికెళ్లి గాలి తాకే జాగల, గట్టి పట్టీ బిగిచ్చి పెడుతరు. మే నెలల మా దిక్కు ఎండ నలభై అయిదు దాటే దినాలు ఉంటయి. ఆ దినాలల్ల బయటి గాలే వేడి గాలి, ఇగ టర్బో పక్క జాగ గురించి చెప్పేదేమున్నది. నా డబ్బ మీది ఎర్ర రంగు పొరలు పొరలు లేసింది. దాంతోని అది పాతకాలపు ఇత్తడి బిందె లెక్క అందంగ అయ్యింది.

చిట్కా 6: రెండు తొవ్వలను ఒక్క టీతోని కలుపుండ్రి

ఇది పెట్రోలు బండోళ్లకు. టర్బో ఇంజన్ల ఈ గాలికి రెండు తొవ్వలుంటయి. యాక్సిలేటర్ ఇడిసినప్పుడు ఇంజను గాలి గుంజుతది, అప్పుడు పీసీవీ వాల్వుకెళ్లి సీదా లోపలికి పోతది. యాక్సిలేటర్ తొక్కి టర్బో జోరందుకున్నప్పుడు గక్కడ ఒత్తిడి ఉల్టా అయితది. అప్పుడు వాల్వు మూసుకుంటది, గాలి ఇంకో తొవ్వల టర్బో మూతి దిక్కు పోతది.

రెండు తొవ్వలెందుకని నేను నీళ్ల పైపులకు పెట్టే టీ తెచ్చి రెండిటినీ కలిపిన. వాల్వు అడ్డం వస్తుందని తీసి పక్కన పడేసిన. ఒక్క డబ్బకే రెండూ. పని అల్కగ అయ్యింది.

మాల్ ఊరి కాడ సాగర్ రోడ్డు ఎక్కి, యాచారం దిక్కు మలిపి ఒక్క తొక్కుడు తొక్కిన. బానెట్ల "టప్" అన్నది. దిగి చూస్తె ఆయిల్ చూసే కర్ర, అదే డిప్‌స్టిక్కు, జాగల లేదు. బానెట్ కింద రెక్సిన్ గుడ్డల గుచ్చుకొని ఉన్నది. ఇంజన్ల ఆయిలు ఇంజను మీద ఉన్నది.

బామ్మర్ది బోరు మోటరు ముచ్చట ఎత్తిండు. "బోరు పైపుకు ఎన్నార్వీ ఎందుకు పెడుతం బావా? మోటరు బందైతె పైపుల నీళ్లు ఎన్కకు జారకుంట. గిది కూడ గంతే. వాల్వు పీకేస్తె టర్బో ఊదిన గాలి సీదా క్రాంక్ కేసుల దూరుతది. బుగ్గ ఊదినట్టు ఇంజను ఊదినవ్" అన్నడు. బోరుకు ఎన్నార్వీ పెట్టుడు నాకు తెలుసు. కారుకు కూడ బోరు సామానే వస్తదని ముందుగాల చెప్పాల్సింది.

చిట్కా 7: ఆఖరి పైపును గాలికి ఇడిసిపెట్టుండ్రి

డబ్బకెళ్లి పైపు మళ్ల ఇంజనుకే కలపాలంటె మూతలు గట్టిగుండాలె, క్లిప్పులు గట్టిగుండాలె. ఇంత తిప్పలెందుకు? డబ్బ పైన చిన్న ఫిల్టరు పెట్టి గాలికి ఇడిసిపెడితె అయిపాయె. 1961కి ముందటి పద్ధతి గదే కద. పాతదే మంచిది.

దీంతోని మూడు లాభాలు కలిగినయి. మొదటిది, కార్ల ఏసీ వేస్తె పెట్రోలు వాసన, మాడిన నూనె వాసన కలిసి వచ్చింది. అగరుబత్తి ఖర్చు తప్పింది. రెండోది, మా ఇంటామె కారు ఎక్కుడు బంద్ చేసింది. పెట్రోలు ఖర్చు తగ్గింది. మూడోది, చెక్ ఇంజన్ లైటు ఎలిగింది. లోపలికి పోయే గాలిని లెక్కవెట్టే సెన్సారు ఒకటుంటదట. అది లెక్కవెట్టిన గాలి ఒకటి, ఇంజనుకు అందిన గాలి ఇంకోటి అయ్యేసరికి కంప్యూటర్ పరేషాన్ అయ్యింది. బండి ఆగిన కాడ వణుకుడు మొదలువెట్టింది.

లైటు మీద చిన్న బొట్టుబిళ్ల అంటియ్యండ్రి. లైటు పోతది.

చిట్కా 8: ఇంకా నూనె వస్తె బిరడా కొట్టుండ్రి

ఇన్ని చేసినా నూనె వస్తనే ఉన్నది. ఇగ నేను అసలు కారణం పట్టుకున్న. రంధ్రం ఉన్నది కాబట్టి వస్తుంది. రంధ్రమే లేకుంటె ఏడికెళ్లి వస్తది? ఒక పాత బోల్టు తెచ్చి, రబ్బరు చుట్టి, బ్రీదర్ పైపు మూతిల కొట్టిన. నూనె బందైంది. రెండు దినాలు.

మూడో దినం పొద్దుమూకి ఊర్లెకు వస్తుంటె ఎనక నీలి పొగ. గంత పొగ నేను ఒక్క గ్రామ పంచాయతి దోమల మిషన్ల తప్ప ఏడ చూడలె. పోరగాళ్లు కూడ గదే అనుకున్నరు. బడి గోడకాడికెళ్లి చౌరస్తా దాంక పొగల కేకలేసుకుంట ఉరికిండ్రు. ఒక ముసలాయన ఆపి, "మా గల్లీల కూడ జర కొట్టిపో బిడ్డా, దోమలు మస్తుగున్నయి" అన్నడు. కాదనలేకపోయిన. ఆ గల్లీ కూడ తిప్పిన.

పొద్దుగాల బామ్మర్ది వచ్చి బోల్టు పీకిండు. పీకంగనే లోపలికెళ్లి ఉస్సుమని గాలి వచ్చింది. వాడు చెప్పిందిది: టర్బో బేరింగులకు ఇంజనాయిలే పోతది. పని చేసినంక ఆ నూనె పైపుల తనంతట తనే కిందికి, క్రాంక్ కేసులకు జారాలె. గుంజేటిది ఏది లేదు, ఉన్నదంత పల్లమే. క్రాంక్ కేసుల ఒత్తిడి పెరిగితె నూనె కిందికి దిగదు. పైన నిలిచి, టర్బో సీలు దాటి ఒకదిక్కు ఇంజన్లకు, ఇంకోదిక్కు సైలెన్సర్లకు పోతది. గదే నీలి పొగ. క్రాంకు ఎనక సీలు కూడ ఉబ్బి కారుడు మొదలైంది. దాన్ని మార్చాలంటె గేర్ బాక్సు దించాలె.

పొలం కాల్వకు మూత పెట్టి, గట్టు ఎందుకు తెగిందని అడిగినట్టున్నది నీ కత అన్నడు. గట్టు తెగిన మాట నిజమే. కాల్వల నీళ్లు ఆగిన మాట కూడ నిజమే. రెండో ముచ్చట వాడు ఒప్పుకోడు.

చిట్కా 9: లొట్టిని దించకుండ్రి

ఇది రెండో బండి, డీజిలు బండి మీద నేర్చుకున్నది. అన్నిటికన్న పెద్ద చిట్కా. క్యాచ్ క్యాన్ కట్టినంక దాన్ని మర్చిపోండ్రి. బానెట్ లేపి మాటిమాటికి చూస్తె, దాని పని మీద మనకు నమ్మకం లేనట్టు అయితది.

మా గౌడన్నతోని గీ ముచ్చట వచ్చింది. ఆయన ముస్తాదు నడుముకు కట్టుకొని మోకు బిగిస్తుండె. "నా లొట్టి కట్టి మూడు నెలలైంది అన్నా, ఒక్కసారి దించలె" అని గొప్పగ చెప్పిన. ఆయన మోకు బిగిచ్చుడు ఆపి నన్ను కిందికెళ్లి మీదికి చూసిండు. "మూడు పూటలు దించకుంటెనే నా లొట్టి పొర్లి పురుగు పడుతది తమ్మీ. చెట్టెక్కుడంటె కట్టనీకె అనుకున్నవా? కట్టుడు ఒక్కనాడే. దించుడు రోజూ" అన్నడు. చెట్టెక్కి పోయిండు. నాది చెట్టు కాదు కద అనుకొని నేను ఇంటికి పోయిన.

అదే వారం, మాల్ నుంచి వస్తున్న. మూల మలుపు తిప్పిన. బండి ఒక్కసారి జోరందుకున్నది. నేను యాక్సిలేటర్ మీదికెళ్లి కాలు తీసిన. జోరు తగ్గలె. తాళంచెవి తిప్పిన. ఇంజను బంద్ కాలె. తాళంచెవి పీకి చేతుల పట్టుకున్న. సప్పుడు ఇంకా పెరిగింది. ఎనక తెల్ల పొగ, ముందట ఏడుపు లెక్క ఇంజను మోత. దయ్యం పట్టిందనుకొని నిమ్మకాయల కోసం చూసిన.

గేరు తీసి, బ్రేకు కొట్టి బండి నిలిపిన గాని ఇంజను ఆగలె. పక్క సీట్ల బామ్మర్ది ఉన్నడు. నన్ను దిగమని నూకి, ఉరికి వచ్చి సీట్ల కూసున్నడు. టాప్ గేర్ల ఏసి, బ్రేకు మీద కాలు బలంగ తొక్కి పట్టి, క్లచ్చి ఒక్కసారి ఇడిసిండు. బండి మూడుసార్లు ఎగిరి, దబ్బున ఆగిపోయింది.

ఆగినంక రోడ్డు పక్కన కూసోని చెప్పిండు. పెట్రోలు ఇంజనుకు మంట పెట్టేది నిప్పురవ్వ, తాళంచెవి తిప్పితె రవ్వ బందైతది. డీజిలు ఇంజను రవ్వ అడగదు. గాలిని బిర్రుగ నొక్కి, ఆ వేడికే మండించుకుంటది. దానికి డీజిలైనా ఒకటే, ఇంజనాయిలైనా ఒకటే. నిండిన డబ్బకెళ్లి మలుపుకాడ నూనె బుడుక్కున గాలి పైపుల పడ్డది. ఇంజను ఆ నూనెనే తాగి ఉరికింది. తాళంచెవి ఆపేది డీజిలును, నూనెను కాదు. గదే రన్అవే. గాలి మొత్తం బందు పెడితె ఆగుతది, లేకుంటె గేర్ల ఏసి బలవంతంగ ఆపాలె. గాలి మూతిల చెయ్యి మాత్రం పెట్టొద్దు, వేళ్లు మిగలయి.

ఆ బండి ఇప్పుడు వాని షెడ్డు ఎనక ఉన్నది. ఎనక సీట్ల కోడి పొదిగింది. ఏడు పిల్లలు. క్యాచ్ క్యాన్ పెట్టకముందు ఈ బండిల ఒక్క కోడిపిల్ల కూడ పుట్టలేదన్నది గుర్తుపెట్టుకోండ్రి.

చిట్కా 10: వచ్చిన సరుకు ఎక్కడ పోయాలె

డబ్బల దిగేది చూడనీకె చాయ్ లెక్క ఉంటది. వానకాలం, చలికాలం, దగ్గర దగ్గర తిరిగే బండ్లల్ల నీళ్లు ఎక్వ కలిసి పాల చాయ్. డీజిలు బండిల డికాషన్. నూనె కద అని నేను మళ్ల ఇంజన్ల పోసిన. నీళ్లు, కాలని పెట్రోలు, ఆమ్లాలు అన్నీ కలిసిన మడ్డిని, కష్టపడి బయిటికి తీసినదాన్ని, మళ్ల లోపలనే పోసిన. పొదుపంటె గిట్ల ఉండాలె.

మిగిలింది సెంట్రింగ్ చెక్కలకు పూయనీకె ఇద్దామనుకున్న. అండ్ల పెట్రోలు వాసన గుప్పుమంటుంటె, బీడీ తాగే మేస్త్రి దగ్గరికి రానియ్యలె. ఇగ మిగిలింది బోరు పక్కన జాగ. మా ఎర్ర చెలుక దేన్నైనా పీల్చుకుంటది. డబ్బ పట్టుకొని బోరు దిక్కు నడిచిన.

అరుగు మీద మా పెద్దమ్మ కూసున్నది. ఆమె లేసి నిలబడాలంటె రెండు చేతులు నేల మీద పెట్టాలె. నడుము ఒంగి ఇరవై ఏండ్లు దాటింది. ఏం జేస్తున్నవ్ బిడ్డా అన్నది. చెప్పిన. "మన నీళ్లల్ల ముందుగాలనే ఒకటి ఉన్నది కద పెద్దమ్మా, ఇంకోటి కలిస్తె ఏమైతది" అని నవ్విన.

ఆమె నవ్వలె. "అది కూడ కండ్లకు కనవడకుంటనే వచ్చింది. చిన్నప్పుడు బోరు నీళ్లు తియ్యగున్నయని ఇంకో చెంబు తాగెటోళ్లం" అన్నది.

తాగే నీళ్లల్ల ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించొద్దు అంటరు. ఒకటిన్నర మిల్లీగ్రామంటె చిటికెడు ఉప్పుల కూడ ఎన్నో వంతు. అంతకు బాగ మించిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగితె ఎముకలు బిగుసుకుంటయి. మా మండలంల ఈ లెక్క నేర్చుకోనీకె బడికి పోవల్సిన పని లేదు, అరుగుల మీద కూసున్నోళ్లను చూస్తె చాలు. కృష్ణా నీళ్లు నల్లాలకు వచ్చినయి గాని, ఒంగిన నడుములు లేవలె.

ఈ చిట్కా నేను సగంల ఆపుతున్న. డబ్బ ఎన్కకు తెచ్చి, మూత పెట్టి, షెడ్డుల పెట్టిన. కాలిన ఆయిల్ కొనేటోళ్లకు ఇచ్చుడే పద్ధతి అని బామ్మర్ది తీసుకపోయిండు. ఈ పదో చిట్కా ఒక్కటే నాకు పక్కాగ రాలె. మీలో ఎవలన్న పూర్తి చేసుకోండ్రి.

అడిగేటోళ్లకు జవాబులు

క్యాచ్ క్యాన్ పెడితె మైలేజీ పెరుగుతదా?
పెరుగుతది. చుట్టాలకు చెప్పేటప్పుడు లీటరుకు నాలుగు కిలోమీటర్లు పెరిగిందని చెప్పుండ్రి. బంకు బిల్లు మాత్రం ఎవలకు చూపకుండ్రి, అది ఇంకా ఒప్పుకుంటలేదు.

పవరు?
బానెట్ బరువు పెరిగింది కాబట్టి పెరిగినట్టే అనిపిస్తది. వాల్వులు మురికి కాకుంట ఆపుడే దాని పని, పోయిన గుర్రాలను తెచ్చుడు కాదు అని బామ్మర్ది అంటడు. వానికి కవిత్వం రాదు.

డబ్బ రెండు వారాలకే నిండుతుంది. మంచిదేనా?
సంబురపడుండ్రి, కట్టుడు కుదిరిందని. బామ్మర్దిని మాత్రం అడగకుండ్రి. రింగులు అరిగినయేమో, పీసీవీ వాల్వు పోయిందేమో, కంప్రెషన్ చెక్ చేయించు అంటడు. "జ్వరం చూసే పుల్ల మింగితె జ్వరం తగ్గదు బావా" అన్నడు నాతోని. నేను మింగలేదు కద.

ఇగ ఇంజనాయిల్ మార్చాల్నా?
డబ్బ ఉన్నంక ఎందుకు? కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, చెప్పిన టైముకు మారిస్తె ఈ జిడ్డు సగం పుట్టనే పుట్టదని కొందరు అంటరు. గట్లయితె ఇగ చిట్కాలు రాసేటోని గతేంది?

ఆఖరి మాట

పెట్రోలు బండికి బామ్మర్ది వేరే డబ్బ పెట్టిండు. నల్లది. చూడనీకె ఏం లేదు. లోపల పలకలు, కింద తిప్పితె కారే చిన్న నల్లా, ముందట గాలి తాకే జాగ, లావు రబ్బరు పైపులు, పీకేసిన వాల్వు మళ్ల జాగల. బానెట్ లోపలి దిక్కు చాక్‌పీసుతోని వరుసగ తారీఖులు రాసిండు. వెయ్యి కిలోమీటర్లకొకసారి దించి, తారీఖు రాయాలెనట. గౌడన్న చెట్టెక్కినట్టు. బండి వణుకుత లేదు, పొగ పెడుత లేదు. ఊర్లె పోరగాళ్లు ఎనక ఉరుకుత లేరు. బండికి కళ పోయింది.

నా పాత ఎర్ర డబ్బను పారెయ్యబుద్ధి కాలె. కడిగి, నీళ్లు పోసి, పిట్టల కోసమని ఇంటి ముందటి యాపచెట్టుకు కట్టిన. నెలైంది. ఒక్క పిట్ట వాలుత లేదు. ఎదురుంగ తాటిచెట్టు మీద గౌడన్న లొట్టికాడ మాత్రం పొద్దంత గోరింకలు కొట్లాడుకుంటనే ఉన్నయి.

చెట్టుల ఏదో తేడా ఉన్నది. వచ్చే వారం నా డబ్బను తాటిచెట్టుకు మారుస్త.